కంప్యూటర్‌కి కుట్టిన గలీబు

ఆ ఆదివారం పొద్దున కిరందుల్ క్వార్టర్లో ఉన్నది ఐదుగురు. గనిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, వరండాలో గడ్డానికి సబ్బు నురగ పట్టించుకుంటున్న చక్రధరరావు. వంటింట్లో పెసరట్లు పోస్తున్న ఆయన భార్య సుధారాణి. భిలాయిలో ట్రైనింగ్ చేస్తూ రెండు రోజుల సెలవు మీద వచ్చిన వాళ్ళబ్బాయి కిషోర్. మంచం మీద కూర్చుని, సూదిలోకి దారం ఎక్కక సూదిని తిడుతున్న చక్రధరరావు తల్లి గంగారత్నం. ఆమె చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి ఇస్తున్న హైమ.

హైమ ఆ ఇంటికి కొత్త. చక్రధరరావు తమ్ముడి కూతురు. తమ్ముడు పెళ్ళి చేసుకుని అత్తవారి ఊరు, కోంటా దగ్గరి మరైగూడలోనే కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పిల్ల ఊరి బళ్ళో పది పాసైంది. పదకొండో తరగతిలో కంప్యూటర్ సబ్జెక్టు తీసుకోవాలని దానికి ఒకటే కోరిక. అది ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అందుకని పెదనాన్న ఇంట్లో ఉంచి ఇక్కడ స్కూల్లో వేశారు. వచ్చి నెల కావస్తున్నా దాని గొంతు ఎలా ఉంటుందో పక్క క్వార్టరు వాళ్ళకి తెలీదు. ఏదైనా అడిగితే తల ఊపుతుంది, లేకపోతే నాయనమ్మ వెనక్కి వెళ్ళి నిలబడుతుంది.

పక్కగదిలో బల్ల కింద, మనిషిలా బట్టలు తొడుక్కుని ఇంకొకటి కూడా ఉంది. కిషోర్ చదువుకునే రోజుల్లో తనే భాగాలన్నీ కొని బిగించుకున్న కంప్యూటర్.

దానికి బట్టలెందుకంటే, కిరందుల్లో దేనికైనా బట్ట కప్పాల్సిందే. కొండ మీద ఇనుపరాయి తవ్వుతారు. వానలు దిగేదాకా గాలి ఎటు మళ్ళితే అటు ఎర్రదుమ్ము. మంచినీళ్ళ బిందెకి బట్ట, టీవీకి బట్ట, మిక్సీకి బట్ట. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి టీ రంగుకి తిరుగుతుంది. అందుకే సుధారాణి ఈ వేసవిలో అత్తగారి చేత కంప్యూటర్ పెట్టెకి గలీబు కుట్టించింది. పాత పూలచీర, రెండు పొరలు. మాటిమాటికీ తీసి పెట్టే పని లేకుండా స్విచ్ దగ్గర ఒక కాజా, వెనక వైర్లకి ఒక చీలిక. గంగారత్నానికి చూపు సరిగ్గా ఆనదు. వేలితో కుట్టు తడుముకుంటూ వేసవంతా కుట్టింది. హైమ వచ్చిన వారంలోనే తొడిగారు. అప్పట్నుంచీ గంగారత్నం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఆ గదిలోకి తీసుకెళ్ళి, "ఇదిగో, ఈ కాజా చూశారా?" అని చూపించేది.

టిఫిను అయ్యాక కిషోర్ కాజాలోంచి వేలు పెట్టి స్విచ్ నొక్కాడు. తెర వెలిగింది. కాసేపటికి పెట్టె లోపల ఫ్యాను గిర్రుమని మొదలై, పిండిమర చప్పుడులోకి వెళ్ళింది. ఆ తర్వాత ఠక్కున అంతా చీకటి.

"అమ్మా! దీన్నెవరు ముట్టుకున్నారు?"

"ఇంకెవరు? నేనా, మీ నాయనమ్మా?" వంటింట్లోంచే అంది సుధారాణి. "నువ్వు వెళ్ళినప్పుడు బంగారంలా ఉంది. నెల్లాళ్ళ బట్టి మీ చెల్లెలు నేర్చుకుంటోంది."

హైమ గుమ్మంలో నిలబడింది. "అన్నా, నేనేం..."

"ఏం నొక్కావు? ఏం వేశావు అందులో?"

"ఏం వెయ్యలే. ఏందో... వేడెక్కి ఆగిపోతాంది."

"ఏందో కాదు, ఏమిటో అను. స్కూల్లో నవ్వుతారు," అంది సుధారాణి, అట్లకాడతో సహా వచ్చి.

కిషోర్ మళ్ళీ వేశాడు. ఈసారి ఇంకా తొందరగా ఆరిపోయింది. రాత్రంతా ప్రయాణం చేసిన చిరాకు కూడా ఉంది వాడికి. "నువ్వు కాసేపు బయటే ఉండు," అని తలుపు మూసేశాడు. హైమ ముక్కుకి తలుపు తగల్లేదు గానీ, తగిలినంత పనైంది.

వచ్చి నాయనమ్మ మంచం అంచున కూర్చుంది. కంప్యూటర్‌కి ఏమైందో ఆ పిల్లకి తెలుసు. వాళ్ళ నాన్న కొట్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది. ఒకసారి దాని వెనక జాలీకి ఆనించి పప్పుల బస్తాలు పేర్చారు. మోటారు కాలిపోయింది. కోంటా నుంచి వచ్చిన మెకానిక్ బస్తాలు లాగి పారేసి, "దానికి ఊపిరి ఆడాలి సేఠ్," అన్నాడు. ఇక్కడ కూడా, ఇంట్లో ఎవరూ లేని ఓ మధ్యాహ్నం హైమ గలీబు తీసి చూసింది. కంప్యూటర్ చీకటి పడేదాకా చక్కగా నడిచింది. పెద్దమ్మ వచ్చి, "గలీబెవరు తీశారే? దుమ్ము నీ మొహాన కొట్టుకోవడానికా?" అని కసిరితే మళ్ళీ తొడిగేసింది.

చెప్పొచ్చు. కానీ చెబితే నాయనమ్మ ఏమవుతుంది? ఆమె వేళ్ళ నిండా సూదిపోట్లు హైమ చూసింది. రోజూ పడుకునే ముందు కొబ్బరినూనె రాసేది తనే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర విషయం తేలింది.

"మదర్‌బోర్డు పోయినట్టుంది నాన్నా," అన్నాడు కిషోర్. "పాతదేగా. పాతసామాన్లు కొనే కబాడీ వాడికి ఇచ్చేద్దాం."

చక్రధరరావు పప్పు కలుపుకుంటూ ఆలోచించాడు. "రేపేగా స్కూల్లో సబ్జెక్టులు రాయించాల్సింది? ఇంట్లో మిషన్ లేకుండా ఆ సబ్జెక్టు తీసుకుని ఏం చేస్తుంది? ఆర్ట్స్ రాయించేద్దాం."

"ఆర్ట్స్ అయితే ఇక్కడిదాకా దేనికండీ?" సుధారాణి మజ్జిగ పోస్తూ అంది. "కోంటాలోనే ఉందిగా. అమ్మానాన్నల దగ్గరే ఉంటుంది. నేనేదో పొమ్మంటున్నానని కాదు."

"అంటున్నావు," అంది గంగారత్నం.

"అత్తయ్యా, మీరు ఊరుకోండి. వస్తువంటే జాగ్రత్త ఉండొద్దూ? వచ్చిన నెలకే..."

"అది చీమని కూడా చూసి తొక్కదు. వస్తువు పాడుచేస్తుందా?"

"మరి దానంతటదే పాడైందా? మీరు గలీబు కూడా కుట్టిపెట్టారు. లోపలికి దుమ్ము పోయే దారి లేదు. ఇంక మిగిలింది ఎవరు?"

చక్రధరరావు కంచంలోంచి తలెత్తకుండానే, "వాళ్ళ ఊరికి సుక్మా వైపు బస్సు పొద్దున్నే ఉంటుంది," అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మామూలు గొంతుకే హైమ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"పెదనాన్నా."

అందరూ తలెత్తారు. ఆ పిల్ల పిలవకుండా పలకడం అదే మొదటిసారి.

"ఎట్లాగూ కబాడీకి ఇచ్చేదే గదా. ఒకసారి విప్పి చూస్తా. బాగుపడకపోతే పొద్దున నేనే బస్సెక్కుతా."

కిషోర్ నవ్వబోయి, దాని మొహం చూసి మానేశాడు. "నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చా?"

"కొట్లో తూకం మిషన్ నేనే విప్పుతా."

"చూడనీరా," అన్నాడు చక్రధరరావు. "చచ్చినదాన్ని ఇంకోసారి చంపదుగా." చెయ్యి కడుక్కుని నిద్రకి వెళ్ళిపోయాడు.

వెనక వరండాలో పేపర్లు పరిచారు. కిషోర్ వైర్లన్నీ పీకి, "ఇప్పుడు స్విచ్ ఒకసారి నొక్కి వదులు. లోపల మిగిలిన కరెంటు పోతుంది," అన్నాడు. హైమ నొక్కి వదిలింది. గలీబు తీసి, మడతపెట్టి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. పక్కరేకు స్క్రూలు విప్పి మెల్లగా వెనక్కి జరిపింది.

"అమ్మో!" అన్నాడు కిషోర్.

లోపల ఎర్ర కంబళి పరిచినట్టుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము. ఫ్యాను రెక్కల మీద, దాని కింది వెండిరంగు పలకల సందుల్లో అట్టలు కట్టేసింది. గలీబు కుట్టకముందే దూరిన దుమ్ము అది. ఆ తర్వాత బయటికి పోయే దారి కూడా లేకుండా పోయింది.

సుధారాణి తడిగుడ్డ తెచ్చింది. "ఇదిగో, తుడు."

"వద్దు పెద్దమ్మా. తడి తగలకూడదు. ఇది ఇనుపదుమ్ము. తడిస్తే బురదై అతుక్కుంటది." హైమ చుట్టూ చూసింది. "మెత్తటి బ్రష్ కావాలి. పొడిది."

పెయింట్ బ్రష్‌లు గట్టిపడిపోయి ఉన్నాయి. కిషోర్ వెళ్ళి ఎక్కడినుంచో ఒకటి పట్టుకొచ్చాడు. పొట్టిగా, గుబురుగా, ఎంత మెత్తగా ఉందో. ఎండలో పెట్టి ఆరబెట్టాక మొదలుపెట్టింది. ఫ్యాను గిర్రున తిరక్కుండా వేలితో పట్టుకుని ఒక్కో రెక్కా తుడిచింది. సందుల్లో అట్టల్ని అగ్గిపుల్లతో కదిపితే, కిషోర్ సైకిలు పంపుతో దూరంనుంచి గాలి కొట్టాడు. ఎర్రటి పొగ లేచి ఇద్దరి కనుబొమల మీదా వాలింది. గంగారత్నం కొంగు అడ్డం పెట్టుకుని, "గని మొత్తం ఇందులోనే ఉందేమిట్రా," అంటే కిషోర్ పకపకా నవ్వాడు. హైమ నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

అన్నీ బిగించి గదిలో పెట్టి స్విచ్ వేశారు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం వెలగలేదు. బీప్, బీప్ అని అరుపు.

"అదిగో, ఉన్న కాస్తా పోయింది," అంది సుధారాణి.

కిషోర్ మాత్రం, "ఆగమ్మా. తుడిచేటప్పుడు ర్యామ్ కదిలి ఉంటుంది," అని ప్లగ్గు పీకి, లోపలి నుంచి ఒక పొడుగాటి పలక ఊడదీసి హైమ చేతిలో పెట్టాడు. "పసుపురంగు పళ్ళున్నాయి చూడు. రబ్బరు పెట్టి రుద్దు. పెన్సిలు గీత చెరిపినట్టు. తిరిగి పెట్టేటప్పుడు రెండు వైపులా టిక్కుమనాలి."

రుద్దింది. పెట్టింది. రెండుసార్లు టిక్కుమంది. ఈసారి అరుపు లేదు. తెర మీద కిషోర్ ఎప్పుడో పెట్టుకున్న జలపాతం బొమ్మ వచ్చింది. లోపల ఫ్యాను ఉందో లేదో తెలియనంత మెల్లగా తిరుగుతోంది.

"వచ్చేసిందే పిల్లా!" కిషోర్ హైమ తల మీద ఒక్కటి చరిచాడు.

సుధారాణి గబగబా, గుమ్మం అవతల మంచం మీదికి చేరిన అత్తగారి ఒళ్ళోంచి గలీబు తీసుకుని పెట్టెకి తొడిగేసింది. "మళ్ళీ దుమ్ము పట్టకముందే," అంది.

హైమ నోరు తెరిచింది. నాయనమ్మ వైపు చూసింది. మూసేసింది.

కిషోర్ ఏదో పాట పెట్టాడు. పాట పూర్తయ్యేసరికి ఫ్యాను గొంతు పెరిగింది. రెండో పాట మధ్యలో మళ్ళీ పిండిమర.

"ఇదేంటి, మళ్ళీ!" కిషోర్ మొహం వాడిపోయింది. "లోపలే ఏదో పోయి ఉంటుంది. ఇంక లాభం లేదు."

"పోనీలే, కష్టపడింది పాపం," అంది సుధారాణి. ఆ జాలి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

హైమ గోడకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటోంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే బస్సు ఎక్కక్కర్లేదు. అనలేదు. లోపలికి వెళ్ళి సంచీలో బట్టలు సర్దుకుందామని అడుగు వేసింది.

గంగారత్నం మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చింది. చూపు ఆనకపోయినా ఆమె చేతులకి అన్నీ తెలుస్తాయి. తన కుట్టు తడుముకోవడం అలవాటు కదా, వంగి గలీబు మీద చెయ్యి వేసింది. వెంటనే వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది.

"ఒరే కిషోరూ, దీని ఒళ్ళు కాలిపోతోందిరా." ఒక్క లాగుతో గలీబు పైకి తీసేసింది. లోపలి నుంచి వేడిగాలి భగ్గుమని ఆమె మొహానికి కొట్టింది.

అందరూ నిలబడి చూశారు. ఫ్యాను అరుపు మెల్లమెల్లగా తగ్గింది. మూడో పాట చివరిదాకా వచ్చింది. కంప్యూటర్ ఆగలేదు.

"హైమా," అంది గంగారత్నం. "నీకు ముందే తెలుసా?"

పిల్ల తల ఊపింది. ఆమెకి కనిపించదని గుర్తొచ్చి, "తెలుసు," అంది.

"మరి పొద్దున్నుంచీ అన్ని మాటలు పడి, ఊరు పంపించేస్తామన్నా..."

"నీ వేళ్ళు..." హైమ నాయనమ్మ చెయ్యి పట్టుకుని, సూదిపోట్ల మీద బొటనవేలితో రాస్తూ నిలబడింది.

గంగారత్నం కళ్ళు తుడుచుకోలేదు. "పిచ్చిదానా. బట్ట కుట్టుకుంటే మళ్ళీ వస్తుందే. నువ్వెళ్ళిపోతే నా సూదిలో దారం ఎవరెక్కిస్తారు?" అని కోడలి వైపు తిరిగింది. "కుట్టింది నేను. తీయొద్దంది నువ్వు. తిట్లు తిన్నది ఇది."

సుధారాణి భుజం మీద వేసుకున్న ఆ తడిగుడ్డ తీసింది. దాన్ని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడే వరండాలోంచి కేక. "నా గడ్డం బ్రష్‌కి ఎవరే రక్తం పూసింది?"

చక్రధరరావు ఎర్రటి బ్రష్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కిషోర్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. హైమ నాయనమ్మ వెనక్కి జరిగింది. జరిగిందంతా గంగారత్నమే చెప్పింది, గలీబు సంగతితో సహా, ఏదీ దాచకుండా. ఆయన విని, పాడుతున్న కంప్యూటర్‌ని చూసి, చేతిలో బ్రష్‌ని చూశాడు.

"రేపు కంప్యూటర్ అనే రాయిస్తాను," అన్నాడు. "అట్నుంచి అటే నాతో బజారుకి రా. రెండు బ్రష్‌లు కొనాలి. ఒకటి నాకు, ఒకటి దానికి. కలిపేశావో, నీకు గడ్డం గీస్తాను."

హైమ ఆ ఇంట్లో మొదటిసారి పైకి వినబడేలా నవ్వింది.

పొద్దు వాలుతుండగా కొండ వైపు నుంచి గాలి లేచింది. వీధిలో దుమ్ము ఎర్రటి తెరలా కదిలి వస్తోంది. గలీబు లేని కంప్యూటర్ ముందు కూర్చుని హైమ ఏం చెయ్యాలో తోచక చూస్తోంది. ఆపేస్తే కప్పొచ్చు. కానీ ఇప్పుడే కదా తన పేరు తెలుగులో టైపు చెయ్యడం వచ్చింది.

సుధారాణి గుమ్మంలోకి వచ్చింది. పాలగ్లాసు బల్ల మీద పెట్టి, కిటికీ రెక్కలు బిగించింది. తెర మీద పేరు చదివింది.

"లేవనా పెద్దమ్మా?"

"ఏంది, ఊరికే లేస్తానంటావు? కూర్చో," అంది సుధారాణి. తన నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు తనకే నవ్వొచ్చినట్టుంది. మొహం తిప్పుకుంది. "దుమ్మొస్తోంది. ఇది నడిచినంతసేపూ ఈ గది తలుపు మూసే ఉండాలి. తెలిసిందా?"

బయటికి వెళ్ళి తలుపు లాగింది. గడప దగ్గర వేలెడు సందు మిగిలింది. ఆ సందులోకి బయటి నుంచి రెండు చేతులు పూలచీర గలీబుని చుట్టగా చుట్టి, చివరిదాకా జాగ్రత్తగా కూరాయి. కాజా ఉన్న కొస గదిలోకి కాస్త తొంగి చూస్తూ ఆగింది.