శవం దాటే గుమ్మం

కొండల వెనక పొద్దు కుంగే భయంకరమైన వేళ... డెలావేర్ లోయ మీద ఉరుము విరుచుకుపడింది! గడ్డివామి మీద గుడ్లగూబ అరిచింది. వంటింటి నిప్పుల ముందు వైంట్యె పాములా మెలికలు తిరుగుతోంది. ఆ పిల్ల కళ్ళలో తెల్లగుడ్లు తప్ప మరేమీ లేవు.

తల్లి హిల్లెగొండ్ కూతురి చేతులు అదిమి పట్టుకుంది. ఆమెకు ఏడుపు రావడం ఎప్పుడో ఆగిపోయింది. కన్నీళ్ళు ఇంకిన చోట కోపం పేరుకుంది. అది తన కోపంలా కూడా లేదు. తన లోపల ఇంకెవరో కూర్చుని పళ్ళు కొరుకుతున్నట్టుంది.

పైసగం మాత్రమే తెరిచి ఉన్న వంటింటి తలుపు మీదుగా గైస్బర్ట్ తొంగిచూశాడు. ఎగువ చరియలో ఒంటరిగా ఉండే మాంత్రికుడు. వాడి చేతిలో కపాలం! ముందుపన్ను సగం విరిగిన కపాలం...

పడవ తెడ్డు తగిలి విరిగిన ఆ పన్ను ఆమెకు తెలుసు. చలికాలంలో పాతిపెట్టిన తన భర్త తూనిస్‌ది!

"గుర్తుపట్టావా, అత్తా? వీడి నెత్తిన మంత్రం వేసే నీ పిల్లనాడిస్తున్నా. నాకిచ్చి పెళ్ళి చెయ్యి, వదిలేస్తా. లేదంటే తెల్లారేసరికి పీనుగే!"

"సమాధి తవ్వావట్రా, కుక్కా!"

"అల్లుణ్ణి పట్టుకుని ఆ మాటలేంటి? పందుల కుడితి మోసే గుమ్మంలో నిలబెట్టింది చాలక! వీధి తలుపు తియ్యి!"

వీధి తలుపు! ఆ లోయలో దాన్ని తెరిచేది పెళ్ళికి, చావుకు మాత్రమే. శవాన్ని కాళ్ళు ముందుగా బయటికి తెస్తారు. చూపు ఇంటివైపు పడకూడదు. పడితే పోయినవాడికి తిరిగొచ్చే దారి తెలిసిపోతుంది.

హిల్లెగొండ్ లేచి వెళ్ళి గడియ తీసింది.

"రా. ఆయన ముఖం లోపలికి తిప్పి పట్టుకో. కూతురి పెళ్ళి తండ్రి చూడొద్దా?"

వాడికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఆచారమే. పెళ్ళికొడుకునన్న గర్వం దాన్ని మరిపించింది. నవ్వుతూ గుమ్మం దాటాడు.

ఫెళ్ళున పిడుగు! వాడి వెనక వీధి తలుపు దభాలున మూసుకుంది. నిప్పులు నీలంగా లేచాయి. వైంట్యె నోటి నుంచి మగగొంతు...

"నా ఇంట్లో నీకేం పనిరా, గైస్బర్ట్?"

వాడు మంత్రం అందుకోబోయాడు. నాలుక కదలలేదు! కపాలాన్ని విసిరికొట్టబోయాడు. వేళ్ళు ఊడిరాలేదు! విరిగిన పన్ను వాడి మణికట్టులో దిగింది. నల్లటి విషం నరనరాన పాకింది...

"అత్తా! తలుపు తియ్యి! చచ్చిపోతున్నా!"

"అది తెరిచేది మావాళ్ళకి."

వాడి కేక చూరు కింద గిరగిరా తిరిగి తెగిపోయింది.

"అమ్మా... దాహం," అంది వైంట్యె తన గొంతుతో.

కూతురికి నీళ్ళు పట్టి, హిల్లెగొండ్ ఆ కళేబరాన్ని వంటింటి గుమ్మంలోంచి పందుల దొడ్డికి ఈడ్చింది. ఆ తర్వాత తిరిగి పాతిపెట్టడానికి భర్త తలను చేతుల్లోకి తీసుకుని వీధి తలుపు తెరిచింది.

ఈసారి అతని ముఖాన్ని ఇంటివైపే తిప్పి పట్టుకుంది.