మూడో గోదాంల దగ్గు

నేను ఇంతకు ముందు ఎన్నడూ ఏదీ రాయలేదు. నాలుగో తరగతితోనే నా బడి బందయింది. నలుగురిలో నిలబడితే నోరు పెగలదు నాకు. కానీ మిరపకాయల తొడిమలు తీసేకాడ నా పక్కన కూసునే సారక్క చెప్పిన సంగతి లోపల పెట్టుకుంటే నిద్ర పడుతలేదు. విన్నది విన్నట్టు రాస్తున్న.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటం. అక్కడ రైలుపట్టాల అవతల పాత మిరపకాయల గోదాములు వరుసగా ఉంటయి. అందులో మూడోదానికి చెడ్డపేరు. పొద్దుగూకినంక లోపల ఆడమనిషి దగ్గుతదట. దగ్గి... దగ్గి... తలుపు తడుతదట. ఎంత వానొచ్చినా ఆటోవాళ్లు ఆ చూరు కింద ఆగేటోళ్లు కాదు.

ఏండ్లకేండ్లు పాడుపడ్డ ఆ గోదాములకు ఈమధ్య రంగులేసిన్రు. గోడల నిండ బొమ్మలు, పైన పసుపుపచ్చ లైట్లు. 'కళల వాడ' అని పేరు పెట్టిన్రు. కార్లల్ల జనం దిగుతున్నరు. దెయ్యం ఉన్నదన్న మాట కూడా వాళ్లకు కలిసొచ్చింది — శనివారం శనివారం చీకటి పడంగనే టికెట్ పెట్టి 'దెయ్యాల నడక' అని తిప్పుతున్నరు.

సారక్క ఇరవై నాలుగేండ్ల సంది ఆ దిక్కు పోలేదు. ఆమె బిడ్డ సౌందర్య దవాఖానల నర్సు. ఆ పిల్లనే బలిమి చేసి టికెట్లు తెచ్చింది.

"ఊరంత చూసొచ్చెనే అమ్మా. మనమే పోలే."

"నాకు కాళ్లు గుంజుతున్నయి బిడ్డా..."

"కూలికి పోవాల్నంటే మాత్రం ఉరుకుతయి గదా ఆ కాళ్లు!"

సారక్క నోరు మూసుకుంది. నోరు మూసుకునుడు ఆమెకు కొత్త కాదు.

ఆ శనివారం తల్లీబిడ్డలు పోతే ప్రదీప్ అనే ఆయన లాంతరు పట్టుకొని ముందు నడిచిండు. ఇరవైమంది మూడో గోదాం లోపలికి పోయినంక తలుపు దగ్గరికేసిండు. ఎన్ని రంగులేసినా గోడల్లకెల్లి మిరప ఘాటు పోలే. సారక్క అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ప్రదీప్ గొంతు తగ్గించిండు.

"ఇక్కడ ఒక మిరపకాయల దొంగ ఉండేది... పేరు కొమురమ్మ. బస్తాల వెనుక దాక్కునేది. ఒక రాత్రి దీపం పడి, ఆ పొగలో దగ్గి... దగ్గి... ఇప్పటికీ ఒళ్లో మూట కట్టుకొని తిరుగుతది."

"మూటల తేజ కాయలా అన్నా, చపాట కాయలా?" అన్నడు ఒకాయన. అందరూ కిసుక్కున నవ్విన్రు.

సారక్క అరచేతులు మండినయి. కొమురమ్మ ఆమె తోడబుట్టిన అక్క.

పెద్దమ్మ జ్వరమొచ్చి చనిపోయిందని సౌందర్యకు చెప్పి పెంచింది. అసలు సంగతి వేరే. కాయలు ఒళ్లె కట్టుకపోతరని కూలోళ్లను లోపల పెట్టి గుమాస్తా బయట తాళమేసేటోడు. పని అయినంక ఒక్కొక్కలను తడిమి చూసి ఇడిసేటోడు. ఆ రాత్రి మిగిలిన బస్తాల కాడ అక్కాచెల్లెండ్లు ఇద్దరే ఉన్నరు. బయట చెట్టుకు కట్టిన జోలెల నెలల పిల్ల సౌందర్య గుక్కపట్టి ఏడ్చింది. గుమాస్తాను బతిమిలాడి, చేతులు కడుక్కొని, సారక్క పాలియ్యపోయింది. ఆయన మళ్ల తాళమేసి బువ్వ తిననీకి పోయిండు.

కరెంటు లేదు. లోపల దీపం గోనెసంచుల మీద పడ్డది. తలుపు తట్టిన సప్పుడు... దగ్గు... మళ్ల తట్టిన సప్పుడు...

తాళంచెయ్యి వచ్చేసరికి ఏ సప్పుడూ లేదు.

తెల్లారి పదిమంది ముంగట "దొంగతనానికి దాక్కున్నది" అన్నడు గుమాస్తా. "నిజమేనా?" అని సారక్కను అడిగిన్రు. రేపటి సంది పనికి రానియ్యరన్న భయం... ఆమె నేల దిక్కు చూసింది.

అంతే. అక్క దొంగయింది.

ప్రదీప్ లాంతరు ఆర్పిండు. చిమ్మచీకటి...

ఖళ్... ఖళ్...

మూలకెల్లి దగ్గు. తర్వాత తలుపు మీద — టక్... టక్... టక్.

"రికార్డు పెట్టిన్రే అమ్మా," అని సౌందర్య గుసగుసగా అన్నది. కానీ తల్లి చెయ్యి గట్టిగ పట్టుకుంది.

దగ్గు దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... సారక్క చెవి పక్కకే.

"మా అక్క దొంగ కాదు!"

ఎవరి గొంతో అనుకుంది సారక్క. అది ఆమెదే.

"బయట తాళమేసిన్రు! నన్ను అడిగిన్రు... నేను నోరు మెదపలే... కొమురక్కా, నేను మెదపలే!"

దగ్గు ఆగింది.

తర్వాత — చప్పట్లు! ఈలలు! "అబ్బ, ఏం చేసిందన్నా ఆమె!"

లైట్లు వెలిగినయి. ప్రదీప్ ఉరికొచ్చిండు.

"అమ్మా, ప్రతి శనివారం వస్తరా? అచ్చం గిట్లనే చెప్పాలె. ఆ దగ్గు కూడా మస్తు కుదిరింది. మా స్పీకరు నిన్ననే కాలిపోయింది, ఎట్లనా అని పరేషాన్‌ల ఉన్న."

ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టలే — సౌందర్య.

"మా అమ్మ దగ్గలే," అన్నది మెల్లగ. "నేను పక్కకే ఉన్న."

తొవ్వ పొడుగూతా సారక్క మొత్తం చెప్పింది. అంతా విని సౌందర్య ఒక్కటే అడిగింది —

"అమ్మా, ఆ రాత్రి నేను ఏడ్వకపోతే?"



తెల్లారి ఎప్పటిలెక్కనే మా గోదాముకు పనికొచ్చింది. మేం పదకొండుమందిమి ఆడోళ్లం. ఇప్పటికీ మమ్ముల లోపల పెట్టే తాళమేస్తరు. మేం కూసున్నంక ఇక్కడి గుమాస్తా పిలగాడు తలుపు గుంజబోయిండు. సారక్క లేచిపోయి గడప మీద కూసుంది, కాళ్లు బయటికి చాపుకొని.

"జరుగు సారక్కా, తాళమెయ్యాలె."

"వెయ్యి నాయినా," అన్నది సారక్క. "నా కాళ్ల మీదికెల్లి వెయ్యి."

గుమాస్తా తలుపు పట్టుకొని అట్లనే నిలబడ్డడు. సారక్క కాయల గంప ఒళ్లెకు గుంజుకొని మొదటి తొడిమ తీసింది.