అందరూ చెవులు మూసుకోండి

"తర్వాత ఎవరు? చెవి గురించి చెప్పే జోడీ, రండి," అన్నారు సైన్స్ టీచర్.

రేడియో బెంచీలోంచి ఎలాగో లేచింది. ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది క్లాసువాళ్లే. ఆటల పీరియడ్‌లో కబుర్లు మొదలుపెడితే బెల్లు కొట్టేదాకా ఆపదు మరి. అదే బోర్డు పక్కన నిలబడి మాట్లాడమంటే మాత్రం గొంతు ఎక్కడికో పారిపోతుంది.

పెన్సిల్ చార్టు విప్పి పట్టుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి గీస్తూ ఉంటుంది కాబట్టి ఆ అమ్మాయి పెన్సిల్. బొమ్మ పెన్సిల్ వెయ్యాలి, మాటలు రేడియో చెప్పాలి. మార్కులు మాత్రం ఇద్దరికీ కలిపే.

"అందరికీ నమస్కారం. మానవ శరీరంలోని జ్ఞానేంద్రియాలలో చెవి అతి ముఖ్యమైనది. ధ్వని తరంగాలు..."

"కాస్త గట్టిగా చెప్పమ్మా, వెనకవాళ్లకి వినపడటం లేదు."

అంతే, తర్వాతి మాట జారిపోయింది. రేడియో రాసుకొచ్చిన కాగితమంతా అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టింది. మధ్యలో ఆగితే ఎక్కడ అందుకోవాలో తెలియదు. అందుకే మళ్లీ మొదలుపెట్టింది.

"అందరికీ నమస్కారం. మానవ శరీరంలోని..."

"ఇందాకే పెట్టావుగా నమస్కారం!" వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

క్లాసు గొల్లుమంది. రేడియో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి "అందరికీ" దగ్గరే ఆగిపోయింది.

"పరవాలేదు, రేపు చెబుదురుగాని. వెళ్లి కూర్చోండి," అన్నారు టీచర్.

బడి వదిలాక పెన్సిల్ గేటు దాకా విసవిసా నడిచింది. అక్కడ చార్టు రేడియో చేతిలో పెట్టేసింది.

"తీసుకెళ్లు. రేపు కూడా ఇలాగే చేశావంటే ఇంక నీతో జోడీ కట్టను. ఒట్టు."

సాయంత్రం రేడియో బీరువా అద్దం ముందు నిలబడి మళ్లీ వల్లె వేస్తోంది. తాతయ్య ఆరిన బట్టలు మడతపెట్టడానికి వచ్చాడు. ఆయనకి వినికిడి తక్కువ.

"ఒక్కదానివే ఎవరితోనే పోట్లాట?"

"పోట్లాట కాదు తాతయ్యా, ప్రెజెంటేషన్!"

"ఆఁ?"

"చెవి గురించి చెప్పాలి! రేపు! క్లాసులో!"

"చెవి గురించా? ఏదీ, నాకూ చెప్పు."

"అందరికీ నమస్కారం. మానవ శరీరంలోని..."

"ఆఁ?"

"అబ్బా, మధ్యలో ఆపకు తాతయ్యా! మళ్లీ మొదటినుంచి రావాలి."

"నమస్కారాలు నాకెందుకే. నా చెవిలో ఏది పాడైందో అది చెప్పు, చాలు."

అది కాగితంలో లేదు. రేడియోకి ఏడుపొక్కటే తక్కువ. ఇక చేసేదిలేక చార్టు నేలమీద పరిచింది.

"చప్పుడు ఈ దారిలో లోపలికి పోతుంది తాతయ్యా. ఇదిగో, ఈ పొరని కొడుతుంది. పొర అదిరితే ఈ బుల్లి ఎముకలు అదురుతాయి. అక్కణ్ణుంచి ఈ నత్తగుల్లలాంటి దాన్లోకి..."

వేలు అక్కడ ఆగింది. నత్తగుల్ల లోపల పెన్సిల్ సన్నటి వెంట్రుకలు గీసింది, దేనికది విడివిడిగా. ఇంత పని చేసిందని రేడియో ఇప్పటిదాకా చూడనే లేదు.

"సూక్ష్మ రోమకణాలంటే ఇవేనా! ఇన్ని రోజులూ ఊరికే వల్లె వేశాను. ఇవి పోతే మళ్లీ రావట తాతయ్యా. నీకు పోయినవి ఇవే అయ్యుంటాయి."

"ఓహో, లోపల కూడా బట్టతలేనన్నమాట," అని తాతయ్య నెత్తి తడుముకున్నాడు.

తర్వాత ఆయన ఎన్నిసార్లు "ఆఁ?" అన్నా, రేడియో వేలు పెట్టినచోటినుంచే గట్టిగా చెప్పింది.

అయినా తెల్లారేసరికి భయం మళ్లీ వచ్చి కూర్చుంది. క్లాసులో టీచర్ పిలవగానే రేడియో చార్టు పెన్సిల్‌కి అందించింది. కాగితం సంచీలోనే ఉంచి, బోర్డు పక్కన నిలబడింది. అన్ని కళ్లూ తనమీదే.

"అందరూ... అందరూ చెవులు మూసుకోండి," అంది.

పిల్లలు మొహాలు చూసుకుని మూసుకున్నారు. టీచర్ కూడా మూసుకున్నారు.

"నాకు చాలా భయంగా ఉంది," అంది రేడియో, చిన్నగా.

ఎవరికీ వినబడలేదు. రెండు చేతులతో చార్టు పట్టుకున్న పెన్సిల్‌కి తప్ప. పెన్సిల్ రేడియో వైపు ఒకసారి చూసి, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా జరిగింది.

రేడియో చేతులు తియ్యమని సైగ చేసింది. "నేనేం చెప్పానో వినబడిందా?"

"లేదు!"

"దారి మూసేశారు కదా. ఇదిగో, ఈ దారి."

చార్టు మీద వేలు పెట్టింది. వేలు కదిలినకొద్దీ మాట వస్తోంది. సరిగ్గా ఎముకల దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీ చెయ్యెత్తింది.

"ఆ బుల్లి ఎముకలు విరిగితే ఏమవుతుంది?"

రేడియో వేలు ఎముకల మీదే ఉంచింది.

"నాకు తెలీదు," అంది. ఎవరూ నవ్వలేదు. "ఈ బొమ్మలో ప్రతిదీ చూసి గీసింది పెన్సిలే. తనకి తెలుసేమో."

పెన్సిల్ కళ్లు పెద్దవయ్యాయి. "నేనా? నేను మాట్లాడను కదే!" అని గొణిగింది.

రేడియో పెన్సిల్ చేతుల్లోంచి చార్టు అందుకుని తను పట్టుకుంది. పెన్సిల్ క్లాసు వైపు చూడకుండా తల దించుకుంది.

"తొందరేం లేదు," అంది రేడియో, పెన్సిల్ చెవిలో. "ముందు ఎముక మీద వేలు పెట్టు."