పికున్‌కి ఊదారంగు సబ్బులు

"వందోరోజు పుణ్యం అయిపోగానే నేనూ, తోయ్ మా ఊరెళ్ళిపోతామమ్మా."

అల్లుడు బున్మా తలవంచుకుని ఈ మాట అనేసరికి, కొబ్బరి కోరుతున్న లమున్ చెయ్యి ఆగిపోయింది. కూతురు పికున్ పోయి అప్పటికి సరిగ్గా అరవై రోజులు... అంత కడుపుకోతలోనూ ఆమె లేచి తిరుగుతోందంటే ఏడేళ్ళ మనవరాలు తోయ్ వల్లే. పొద్దున్నే దువ్వెన పట్టుకొచ్చి ఒళ్ళో కూలబడే ఆ పిల్ల వల్లే. ఇప్పుడు ఆ పిల్లని కూడా తీసుకుపోతానంటున్నాడు!

"ఎవరి పిల్లని ఎక్కడికి తీసుకుపోతావ్? తొమ్మిదేళ్ళ కిందట ఒక్క చేతిసంచితో ఈ ఇంటికి అల్లుడుగా వచ్చావు. ఆ సంచి పట్టుకుని నువ్వెళ్ళు. పిల్ల ఇక్కడే ఉంటుంది."

"దాని నాన్నని కదమ్మా."

"నాన్నవే. దాని తల్లికి మొగుడివి కూడా. ఏం కాపాడుకున్నావ్?"

బున్మా ఎప్పుడూ ఎదురు చెప్పడు. టోపీ తీసుకుని ఇటుకల బట్టీకి వెళ్ళిపోయాడు. అరిటాకులు ఇవ్వడానికి వచ్చిన పక్కింటి చువన్ మెట్ల దగ్గరే నిలబడి అంతా విన్నది.

"పోతే పోనీ అక్కా. పెళ్ళాం జ్వరంతో నాలుగు రోజులు మూలుగుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళని మనిషి! పిల్లని మాత్రం వదలకు."

ఊరంతా అదే మాట. లమున్ అవుననలేదు, కాదనలేదు. కొబ్బరి చిప్ప మళ్ళీ చేతిలోకి తీసుకుంది. రెండు నెలలుగా ఈ మాట వచ్చినప్పుడల్లా ఆమె చేస్తున్న పని అదే, చేతిలో ఉన్న పనిలోకి ముఖం దించేసుకోవడం.

వందోరోజున ఊరి పెద్దలంతా బౌద్ధాలయానికి వస్తారు. వాళ్ళ ముందే పిల్ల సంగతి తేల్చేయాలని ఆమె నిశ్చయించుకుంది. వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి కదా! అందరూ విసనకర్రలో, తలనొప్పి మందు డబ్బాలో పంచుతారు. లమున్‌కి అవి నచ్చలేదు. పికున్ చివరి రోజుల్లో సబ్బులు చెయ్యడం మొదలుపెట్టింది. చెక్క అచ్చులు, కాస్టిక్ సోడా, కొలతలు రాసుకున్న నోటుపుస్తకం అన్నీ వంటింటి అటక మీదే ఉన్నాయి. ఒక్క సబ్బయినా నలుగురికీ చూపించి మురిసిపోకుండానే పోయింది పిచ్చితల్లి... ఆ సబ్బులేవో తనే చేసి, కూతురి పేరు మీద పంచుతుంది. నాలుగు వారాలు ఆరాలని పుస్తకంలో ఉంది కాబట్టి ఈ వారమే చెయ్యాలి.

రంగు గురించి ఆలోచించనే అక్కర్లేదు. పికున్ శనివారం పుట్టిన పిల్ల; పుట్టిన వారాన్ని బట్టి రంగు ఉండే ఆ ఊళ్ళో శనివారం పిల్లకి ఊదారంగే. ఇక ఊదారంగు చెయ్యడం లమున్‌కి ఒకరు చెప్పాలా! ముప్ఫై ఏళ్ళుగా మిఠాయిలు చేసి అమ్ముతున్న మనిషి. శంఖుపువ్వులు మరిగిస్తే నీలం, అందులో నిమ్మచెక్క పిండితే ఊదా. బజారులో ఆమె ఊదారంగు ఆవిరి మిఠాయిలు పొద్దెక్కకముందే అయిపోతాయి.

మర్నాడు పొద్దున తోయ్‌ని బడికి పంపి, పెరట్లో స్టీలు గిన్నె పెట్టుకుంది. చల్లారిన శంఖుపువ్వు నీళ్ళలో నిమ్మకాయలు పిండింది. ఎంత చక్కని ఊదా! చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. పుస్తకంలో చెప్పినట్టే సోడాని కొద్దికొద్దిగా ఆ నీళ్ళలో వేసింది. గిన్నె కాలిపోసాగింది. ఊదా నీలమైంది, నీలం పచ్చనైంది, చూస్తుండగానే ఆ పచ్చ కూడా పోయి వరదనీళ్ళ రంగు మిగిలింది. లమున్ కంగారుపడింది. మిఠాయికి రంగు తగ్గితే ఏం చేస్తుంది? ఇంకో నిమ్మచెక్క పిండుతుంది. ఇక్కడా అదే చేసింది. గిన్నెలో నీళ్ళు చిటపటమని ఎగిరి ముంజేతి మీద పడ్డాయి.

ఆమె అరుపు విని, అప్పుడే బట్టీకి బయల్దేరుతున్న బున్మా పరుగెత్తుకొచ్చాడు. ఆమె చెయ్యి పట్టి కుళాయి కింద పెట్టాడు. వెనక్కి లాక్కోబోతే వదల్లేదు.

"ఉంచండమ్మా. చాలాసేపు నీళ్ళు పడాలి. మంట తగ్గిందని తీసేస్తే లోపల కాలుతూనే ఉంటుంది."

అలా చెయ్యి పట్టుకునే చాలాసేపు కూర్చున్నాడు. ఈ తొమ్మిదేళ్ళలో అల్లుడికి అంత దగ్గరగా ఆమె ఎన్నడూ కూర్చోలేదు. చేతికి గుడ్డ చుట్టాక, మిగిలిన పని అతనే చేసి పెట్టాడు. మూడోనాడు అచ్చు విప్పితే సబ్బు గట్టిపడనే లేదు. నూనె కక్కుతూ, మట్టిరంగులో, వేలు పెడితే దిగబడిపోతోంది.

"నా బిడ్డకి సబ్బు కూడా సరిగ్గా చెయ్యలేకపోయాను" అని లమున్ చతికిలబడి ఏడ్చేసింది.

బున్మా ఆ ముద్దని వేలితో తాకి చూశాడు. ఎన్నాళ్ళకో అతని పెదాల మీద చిన్న నవ్వు కనిపించింది.

"పికున్ కూడా నిమ్మకాయే పిండిందమ్మా."

"ఏంటి?"

"'అమ్మ మిఠాయికి పిండుతుందిగా' అంది. వద్దన్నా వినలేదు. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ ఇదే బురద. 'అమ్మకి చెప్పకు, ముప్ఫై ఏళ్ళ మిఠాయివాళ్ళింటి పరువు పోతుంది' అని పడీ పడీ నవ్వింది. నేనే తీసుకెళ్ళి బట్టీ వెనక పాతిపెట్టాను."

లమున్ ఏడుస్తూనే నవ్వింది. తనకి తెలియని కూతురు ఇంకా ఎంత మిగిలి ఉంది ఇతని దగ్గర! ఇంతకాలం తను ఒక్కమాట అడిగింది కాదు.

"సోడా పులుపుని చంపేస్తుంది, పులుపు సోడాని చంపేస్తుంది. ఇంక సబ్బెక్కడిది? మా అమ్మ నూలుకి రంగులేస్తుందిగా, చిన్నప్పట్నించీ చూశాను. సోడాలాగే ఘాటైన బూడిదనీళ్ళలో శంఖుపువ్వు రంగు నిలవదు. పతంగచెక్క నిలుస్తుంది. మామూలు నీళ్ళలో ఎర్రగా ఉంటుంది, బూడిదనీళ్ళు తగిలితే ఊదాకి తిరుగుతుంది. పికున్‌కి తెప్పిస్తానన్నాను..." అంటూ ఆగిపోయాడు. "ఇంతలో జ్వరం వచ్చింది."

ఆ మాట దగ్గర ఇద్దరూ తలలు దించుకున్నారు. ఎంత తప్పించుకు తిరిగినా ఆ జ్వరం దగ్గరికి రాక తప్పలేదు.

జ్వరం వచ్చిన నాలుగో రోజు పొద్దున పికున్ ఒళ్ళు చల్లబడింది. బున్మా అప్పటికే బండి బయటికి తీశాడు. జ్వరం తగ్గినా మనిషి వాలిపోతోంది, ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడింది లమునే. "దిగిపోయిన జ్వరానికి ఆస్పత్రేంటి? దాన్ని పడుకోనివ్వు. నువ్వు మోసింది ఇటుకలు, నేను మోసింది బిడ్డని. నాకు తెలీదా?" అంది. అత్తగారి మాట కాదనలేక బండి లోపల పెట్టాడు. సాయంత్రానికి పికున్ చేతులు మంచుగడ్డలయ్యాయి. డెంగీలో జ్వరం దిగినప్పుడే ప్రమాదమని ఆస్పత్రిలో చెప్పారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరు అడిగినప్పుడు, లమున్ నోట్లోంచి వచ్చిన మాట... "ఇతన్ని అడగండి."

తప్పు నాదే అన్నాడు బున్మా. ఆ రోజు నుంచీ ఊరు ఆ మాటే పట్టుకుంది.

"ఎందుకలా ఒప్పుకున్నావ్ బాబూ?" కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఇన్నాళ్ళూ నన్ను ఒక్కమాట అనలేదేం?"

"పికునే మాట తీసుకుందమ్మా. ఆఖరిరోజు తెలివి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని, 'అమ్మని ఎవర్నీ ఏమీ అననివ్వకు, తట్టుకోలేదు' అంది."

లమున్ గుండె పగిలిపోయింది. చచ్చిపోతూ కూడా కూతురు తన మంచే చూసింది! తను మాత్రం ఆ కూతురి మొగుడిని ఊరి నోళ్ళలో పడేసి, అతని బిడ్డని కూడా లాక్కోవాలనుకుంది!

"నన్నెన్నయినా అననీండి, నేను పడతాను. కానీ తోయ్ వింటోందమ్మా. 'మీ నాన్నే మీ అమ్మని చంపాడట' అని బళ్ళో ఎవరో అన్నారంట. ఇంటికొచ్చి నన్నడిగింది. ఏం చెప్పను? అందుకే వెళ్ళిపోతానన్నాను."

ఆ వారంలోనే ఇద్దరూ కలిసి మళ్ళీ సబ్బు చేశారు. లమున్ పతంగచెక్క మరిగించింది, బున్మా సోడా కలిపాడు, తోయ్‌ని దూరంగా నిలబెట్టారు. అచ్చు విప్పితే గులాబి కలిసిన ఊదా. మరీ అంత ముదురు కాదు, కానీ ఊదానే. వరుసగా పలక మీద ఆరబెట్టి రోజూ తిప్పుతూ, ఒక్కో సబ్బునీ ముట్టుకున్నప్పుడల్లా లమున్ చెప్పాల్సిన మాటని లోపల కూడగట్టుకుంది.

వందోరోజున భిక్షువుల పఠనం అయింది. అందరికీ భోజనాలయ్యాయి. లమున్ సబ్బుల బుట్ట పట్టుకుని లేచి నిలబడింది.

"ఇది పికున్ రంగు. నేనూ, నా అల్లుడూ కలిసి చేశాం" అంది. "ఇంకోమాట కూడా తీసుకెళ్ళండి. ఆ పొద్దున అతను బండి తీశాడు, నేనే అడ్డం నిలబడ్డాను. జ్వరం దిగింది, అక్కర్లేదన్నాను. నా బిడ్డ నా మాట వల్ల పోయింది. ఆ నింద అతను మోశాడు, నేను మోయనిచ్చాను. ఇక నుంచి అనేదేదో నన్ననండి."

చువన్ ముఖం పక్కకు తిప్పుకుంది. బుట్ట ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కరికీ రెండు చేతులతో సబ్బు అందించింది లమున్. కొందరు ఆమె కళ్ళలోకి చూశారు, కొందరు చూడలేదు. ఆఖరున బున్మా మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాలకి తల ఆన్చాడు. ఆ భుజాలు కదిలిపోతుంటే, అతను భార్య కోసం ఏడవడం ఇదే మొదటిసారి చూస్తున్నానని లమున్‌కి తట్టింది.

"ఉండమంటే ఉంటామమ్మా" అన్నాడు ఇంటికొచ్చాక.

ఉండు బాబూ, అనాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. తోయ్ లేని ఈ ఇంట్లో పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి... ఎవరి జడ వెయ్యాలి...

"ఉండమంటే ఉంటావు, నాకు తెలుసు. తొమ్మిదేళ్ళూ నేనన్నదే విన్నావు. ఆ రోజు కూడా విన్నావు" అంది నెమ్మదిగా. "ఈసారి నువ్వనుకున్నది చెయ్యి బాబూ. రేపు ఊరు నన్నంటుంది. అదీ పిల్ల చెవిన పడకూడదు. మీ అమ్మ దగ్గర పెరగనీ. సెలవులకి తీసుకురా, చాలు."

మూడోనాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. లమున్ తోయ్‌కి గట్టిగా రెండు జడలు వేసింది, సాయంత్రం దాకా ఊడకుండా. తన చేతులతోనే ఎత్తి సీట్లో కూర్చోబెట్టింది. ఏడవకూడదని ఎంతగానో అనుకుంది, ఏడవలేదు కూడా. తోయ్ మాత్రం ఆమె జాకెట్టు అంచు వదల్లేదు.

"అమ్మమ్మా, అక్కడ నాకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు?"

లమున్ ఆ చిన్న వేళ్ళని ఒక్కొక్కటిగా విడిపించి ముద్దుపెట్టుకుంది.

"మీ నాన్న చూస్తాడు తల్లీ. ఆస్పత్రికి పదమని మీ నాన్న అంటే ఇంకెవ్వరి మాటా వినకు. అమ్మమ్మ వద్దన్నా వినకు."