పసుపు దిగిన గీత

స్వామివారి తలంబ్రాల్లో ముత్యాలు వీరాయమ్మ మార్చేసిందట. అసలువి ముమ్మిడివరంలో అమ్మేసి ప్లాస్టిక్ పూసలు పోసిందట. పక్కింటి వెంకటలక్ష్మి కళ్ళారా చూసినట్టే చెప్పింది. చూసేవా అంటే, వాళ్ళ తోడికోడలు చెప్పిందట.

బుధవారం ఉదయం 10:20. హెడ్ కానిస్టేబుల్ ఉమామహేశ్వరి బండి రామాలయం ముందు ఆగింది.

అప్పటికే వీరాయమ్మ సంచి వీధి అరుగు మీద దులిపేశారు. తమలపాకులు, చిల్లర, బీపీ మాత్రలు. ముత్యాలు లేవు.

కల్యాణం రేపే. గుడి ఊడ్చే వీరాయమ్మ తలంబ్రాల కోసం నలభై రోజులు వడ్లు గోటితో ఒలిచింది. దొంగ అని తేలితే ఆ బియ్యం పక్కన పెట్టేస్తారు. ఆమెను మళ్ళీ గుడి మెట్టు ఎక్కనివ్వరు.

ఉమామహేశ్వరి ముగ్గురిని సామాన్ల గదిలోకి పిలిచింది. పూజారి దత్తసాయి. ముత్యాలిచ్చిన రిటైర్డ్ టీచరు రుక్మిణమ్మ. వీరాయమ్మ.

“ముత్యాలు ఎప్పుడు కలిపేరు?”

“నిన్న సాయంత్రం ఆరింటికండి,” అన్నాడు దత్తసాయి. “రుక్మిణమ్మగారే పసుపు, నెయ్యి, ముత్యాలు వేసి కలిపేరు. అందరం చూసేం.”

“తరవాత?”

“డబ్బాకి మూతపెట్టి, గదికి తాళం వేసేనండి. తాళంచెవి వీరాయమ్మ దగ్గరుంటుంది. పొద్దున్న ఏడింటికి తీస్తే ఒక పూస పూత ఊడి ఉంది. మిగతావి ఒకదానికొకటి రాసి చూసేను. అసలు ముత్యాలైతే గరగరలాడాలండి. ఇవి జారిపోతున్నాయి. పంటికి రాస్తే ఇంకా బాగా తెలుస్తుంది గానీ, ఎంగిలి కదండీ.”

“తాళం తీసేవా వీరాయమ్మా?”

“తియ్యలేదండి.”

“టీచర్ గారూ?”

“నేనిచ్చినవి ఇవి కావమ్మా.” రుక్మిణమ్మ తల ఎత్తలేదు. “మోకాలి ఆపరేషను గట్టెక్కితే ముత్యాలిస్తానని మొక్కుకున్నాను. హైదరాబాదు నుంచి తెప్పించేను.”

ఉమామహేశ్వరి బియ్యంలోంచి ఏరిన పూసలు పళ్ళెంలో పోసింది. యాభై నాలుగు. అన్నీ ఒకే సైజు, ఒకే గుండ్రం. ఒక్కొక్కటే తువ్వాలుతో తుడిచింది. పసుపు పోయింది.

ఒకదానికి పోలేదు.

“దీని పూత దానంతటదే ఊడలేదు. బ్లేడుతో గీకేరు. గీతల్లో పసుపు దిగిపోయింది. అంటే పసుపు కలపకముందే గీకేరు. టీచర్ గారూ, కలిపింది మీరు. ఎక్కడ కొన్నారో చూస్తాను, ఫోనివ్వండి.”

రుక్మిణమ్మ ఫోను తీసిచ్చింది.

షాపింగ్ యాప్‌లో ఆర్డరు దొరికింది. పైన పెద్ద అక్షరాల్లో ‘నిజమైన ముత్యాలు’. వివరాల్లో, అట్టడుగున, ‘ముత్యపు పూత’. ధర 699. దాని కింద రిటర్న్ రిక్వెస్ట్, ఒక ఫోటో. అరచేతిలో సగం గీకిన ఇదే పూస. మంగళవారం సాయంత్రం 4:12. జవాబు: వాపసు కుదరదు.

“ఆరింటికి డబ్బాలో వేసేటప్పటికే మీకు తెలుసు.”



“పింఛనులో అంతకన్నా పెట్టలేకపోయేను,” అంది రుక్మిణమ్మ. “ఊరంతా చెప్పుకున్నాను. మళ్ళీ తెప్పించడానికి రోజులు లేవు. ఎవరు చూస్తారులే అనుకున్నాను.”

“గీకినదైనా తీసెయ్యొచ్చుగా?”

“యాభై నాలుగిస్తానని మొక్కుకున్నాను. ఒకటి తగ్గకూడదు కదమ్మా.”

దత్తసాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“మరి వీరాయమ్మ పేరెందుకు చెప్పేరు?”

“పేరు నేను చెప్పలేదు. పూజారిగారు పూస అందరిముందూ ఎత్తి చూపించేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగేను. అంతే.”

వీరాయమ్మ మాత్రలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటోంది.

రుక్మిణమ్మ లేచింది. గుమ్మం అవతల వెంకటలక్ష్మి, ఆమె వెనక వీధి వీధంతా నిలబడి ఉన్నారు. రుక్మిణమ్మ తలుపు దగ్గరికేసి, గడియ పెట్టి, వెనక్కొచ్చి చేతులు జోడించింది.

“తప్పయిపోయింది వీరాయమ్మా. నన్ను క్షమించు.”

వీరాయమ్మ గడియ వంక చూసింది.

“నా సంచి వీధిలో దులిపేరండి. ఇప్పుడు తలుపేసేరేంటండీ?”