మంచం దిగని మనిషి

శనివారం కావడంతో ఇల్లు ఇంకా పూర్తిగా లేవలేదు. కొడుకు స్నానాల గదిలో ఉన్నాడు. కోడలు వంటింట్లో టీ వడపోస్తోంది. మనవరాలు దుప్పట్లోంచి కాళ్ళు మాత్రం బయటపెట్టి పడుకుంది. ఆవిడ మాత్రం ముందుగదిలో ఎత్తుపీట వేసుకుని, దాని మీదికెక్కి, తడిగుడ్డతో ఫ్యాను రెక్కలు తుడుస్తోంది.

యాభై ఆరేళ్ళు ఆవిడకి. ఇరవై ఎనిమిదేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేసింది. కుట్టడం అయిపోయిన ప్రతి చొక్కా ఆవిడ బల్ల మీదికి రావాల్సిందే, ఆవిడ సరేనంటేనే పెట్టెలోకి వెళ్ళాల్సిందే. ముందు చొక్కాని లోపలి పక్కకి తిరగేసేది. తర్వాత చూపు ఎక్కడో పెట్టి, బొటనవేలిని కుట్టు వెంబడే నడిపించేది. ఒక్క కుట్టు తప్పినా వేలు అక్కడ టక్కున ఆగిపోయేది. అందుకే తోటివాళ్ళు ఆవిడకి "సూదికన్ను" అని పేరు పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడి ఐదు నెలలైంది. పేరు మిగిలింది, బల్ల పోయింది.

ఈ ఐదు నెలల్లో తొమ్మిది చోట్ల దరఖాస్తు పెట్టుకుంది. ఇప్పుడంతా కంప్యూటర్లోనే కదా, కొడుకే కూర్చుని నింపిపెట్టాడు. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని చెప్పేది, వాడు టకటకా కొట్టేవాడు. ఒక్కచోటి నుంచీ పిలుపు రాలేదు. మొదట్లో ఇంట్లో ఏ ఫోను మోగినా చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. కొన్నాళ్ళకి ఆ పరుగు నడక అయింది. ఆ తర్వాత తల తిప్పి చూడటం కూడా మానేసింది.

"వయసు చూసి పక్కన పెట్టేస్తారమ్మా, రోజులలా ఉన్నాయి. ఇన్నాళ్ళు చేసిన చాకిరీ చాలదా? హాయిగా రెస్ట్ తీసుకో," అనేవాడు కొడుకు.

ఆ రెస్టులోనే పాపని లేపి తయారుచేయడం, బడిలో దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం, బట్టలు, గిన్నెలు అన్నీ ఉన్నాయి. ఇప్పుడీ ఫ్యాను కూడా.

తలుపు చప్పుడైంది. ఆవిడ పీట దిగి, తడిచేతులతోనే గడియ తీసింది.

ఎదురుగా బొత్తాలక్క. పాత ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే మిషను మీద ఉండేది కాబట్టి ఆ పేరు. చేతిలో యాపిల్ పళ్ళ సంచి. మొహం పరామర్శకి వచ్చిన మనిషిలా వేలాడేసుకుని ఉంది. తలుపు తీసిన మనిషిని చూసి ఆ వేలాడే మొహం కాస్తా నోరు తెరిచింది.

"నువ్వేంటే, నువ్వు తలుపు తీశావు?"

"నా ఇల్లు. నేను తీయక ఎవరు తీస్తారు?"

"అది కాదే, నువ్వెప్పుడు లేచావు?"

"ఐదింటికి."

"అబ్బ! మంచం మీంచి ఎప్పుడు లేచావే?"

"చెప్పాగా, ఐదింటికని. పొద్దున్నే నీకేమైంది?"

బొత్తాలక్క లోపలికొచ్చింది. ఎత్తుపీట కేసి చూసింది. దాని పైనున్న ఫ్యాను కేసి చూసింది. పళ్ళ సంచిని ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది.

"నాకు వంతెన అవతల కొత్త ఫ్యాక్టరీలో పని దొరికింది కదా. నీ గురించి మా సూపర్‌వైజరుకి చెప్పాను. ఆ పిల్ల వెతికితే నీ దరఖాస్తు అప్పటికే అక్కడుంది. వెంటనే ఫోన్ చేసిందట. నువ్వు నడుం పడిపోయి మంచం దిగట్లేదనీ, ఇక పని చేయలేవనీ చెప్పారట. అది విని రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు."

"రెండు రోజులా?"

"సరే, ఒక పూట. కానీ గట్టిగానే బాధపడ్డాను."

ఆవిడ నవ్వలేదు. "ఫోన్లో అలా చెప్పిందెవరు?"

అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. బడి నుంచి కరెంటాఫీసు దాకా, ఏ కాగితం మీదైనా ఈ ఇంటి తరఫున రాసేది కొడుకు నంబరే. తనకో ఫోనుంది. దానికో నంబరుంది. దాన్ని ఎక్కడైనా రాయవచ్చన్న ఊహే ఆవిడకి రాలేదు.

సరిగ్గా అప్పుడే కొడుకు తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బొత్తాలక్కని, ఒళ్ళో పళ్ళని, తల్లి మొహాన్ని వరసగా చూశాడు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి నెత్తి మీదే ఆగిపోయింది.

"నేను వెళ్తానే, మధ్యాహ్నం షిఫ్టుంది," అంటూ బొత్తాలక్క లేవబోయింది.

"కూర్చో. రోగిని చూడ్డానికొచ్చావు, చూడకుండా పోతావా?" అని ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఎంతమంది ఫోన్ చేశారు?"

"అమ్మా, ముందు నా మాట విను..."

"లెక్క అడిగాను. మాటలు తర్వాత."

"ముగ్గురు."

వంటింటి గుమ్మంలో కోడలు టీ గ్లాసులతో నిలబడిపోయింది. "మూడు ఉద్యోగాలా? నాకు ఒక్క ముక్కైనా చెప్పలేదేం?" అంది మొగుడితో.

"చెప్తే నువ్వు అమ్మకి చెప్పేదానివి."

"చెప్పేదాన్నే!"

ఆవిడ చేతిలోని తడిగుడ్డని నాలుగు మడతలు వేసి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది కొడుక్కి.

"మొదటివాళ్ళకి ఏం చెప్పావు?"

"ఊళ్ళో లేవన్నాను."

"రెండోవాళ్ళకి?"

"ఇంకోచోట చేరిపోయావన్నాను."

"మూడోవాళ్ళకి నా నడుం విరగ్గొట్టావు. ఇంకో ఫోను వచ్చుంటే నాకు దినం కూడా పెట్టేసేవాడివి."

"ఏం మాటలమ్మా అవి!" అన్నాడు కొడుకు. "ఫ్యాక్టరీ మూసిన రోజు నిన్ను తీసుకురావడానికి వచ్చాను, గుర్తుందా? గేటు దగ్గర అందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ కవరు చేతిలో పెట్టి పంపేస్తున్నారు. నీ వంతొస్తే వాడు నీ మొహం కేసి కూడా చూడలేదు. నువ్వు ఆ కవరు పట్టుకుని వాడికి థాంక్స్ చెప్పావు. ఇంకెవడి ముందూ మా అమ్మ అలా నిలబడకూడదని ఆ రోజే అనుకున్నాను. ఎవడో నిన్ను వద్దంటే నేను వినలేను. అందుకే..."

"అందుకే నువ్వే వద్దన్నావు."

కొడుకు తల దించుకున్నాడు.

"ఐదు నెలలు," అంది ఆవిడ. "తెల్లారి లేచి అద్దం ముందు నిలబడి, ఈ మొహంలో ఏం తక్కువైందా అని వెతుక్కున్నాను. నా వేళ్ళని నేనే అనుమానించాను. పాప గౌను తిరగేసి కుట్లు తడుముకునేదాన్ని, ఇంకా తెలుస్తోందా లేదా అని. లోకం నన్ను వద్దంది కాబోలు, సరే, లోకం కదా అని సర్దుకున్నాను. ఆ లోకం నేను పెట్టిన అన్నం తింటూ ఇంట్లోనే ఉందని నాకేం తెలుసు?"

కోడలు గ్లాసులు కింద పెట్టి ముందుకొచ్చింది.

"తప్పంతా ఆయనదే కాదత్తయ్యా. అబద్ధం ఆయన ఆడారు, సుఖపడింది నేను. మీరు ఇంట్లో ఉంటే పాప బెంగ లేకుండా బడిలో పాఠాలు చెప్పుకుని వస్తున్నాను. మీకు పని దొరకట్లేదంటే పైకి అయ్యో అన్నాను కానీ, లోపల హమ్మయ్య అనుకున్న రోజులున్నాయి." ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపని వాళ్ళ బళ్ళోనే నాలుగింటిదాకా ఉంచుకుంటారు. అడగాలంతే. నేనే బద్ధకించాను. సోమవారమే అడుగుతాను."

"ఒప్పుకున్నావు, అది చాలు," అంది ఆవిడ. తర్వాత కొడుకు ఫోను తీసి వాడి ముందుకి తోసింది. "ఇప్పుడు ఆ ముగ్గురికీ ఫోన్ చెయ్యి. నువ్వు చెప్పినదంతా అబద్ధమని చెప్పు. నాకు వినబడాలి."

"అమ్మా, పరువు పోతుంది."

"నాది పోయినప్పుడు బాగానే ఉన్నావుగా. కొట్టు నంబరు."

మొదటిచోట మనిషిని తీసేసుకున్నారట. రెండోచోట అసలు ఎత్తలేదు. మూడోది సూపర్‌వైజరు పిల్ల.

"మా అమ్మ గురించి ఆ రోజు నేను చెప్పింది నిజం కాదండీ," అన్నాడు కొడుకు, చెవులు ఎర్రబడుతుండగా.

"ఏది నిజం కాదు?"

"మంచం దిగట్లేదని."

"అయితే దిగుతున్నారా?"

"దిగుతున్నారు. ఇందాక ఎత్తుపీట కూడా దిగారు."

బొత్తాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెకింగ్‌లో ఖాళీ నిండిపోయిందండీ. హెల్పరుగా అయితే రమ్మనండి," అంది అవతలి గొంతు.

కొడుకు ఆశగా తల్లి వైపు చూశాడు. ఆవిడ ఫోను లాక్కుంది.

"నేనే మాట్లాడుతున్నానమ్మా, మంచం దిగని మనిషిని. హెల్పరుగా రాను, చెకింగ్‌కే వస్తాను. ఖాళీ ఉందో లేదో నా పని చూశాక చెప్పు. రాసుకో, ఇది నా నంబరు." తన నంబరు తనకే గుర్తులేదని అప్పుడు తెలిసింది. కోడలు చెవిలో చెప్తుంటే ఒక్కో అంకే గట్టిగా పలికింది.

సోమవారం తొమ్మిదింటికే వెళ్ళి లోపల కాచుకుని, పది గంటలకి ఆవిడ కొత్త ఫ్యాక్టరీలో ఒక బల్ల ముందు నిలబడింది. సూపర్‌వైజరుకి పాతికేళ్ళుంటాయేమో. నలభై చొక్కాల కుప్ప ముందు పెట్టింది.

"ఇందులో ఏడింట్లో తప్పులున్నాయి ఆంటీ. అరగంటలో తీయాలి."

"ఆంటీని ఇంటి దగ్గర. బల్ల దగ్గర అక్క అను."

చొక్కాలు ఒక్కొక్కటే తిరగబడ్డాయి. మొదటి రెండింటిని రెండేసిసార్లు తడిమింది. మూడోదానికి బొటనవేలు దారి గుర్తుపట్టింది. చంక కింద టక్కున ఆగింది. పక్కన పెట్టింది. అక్కణ్ణించి ఎవరు చూస్తున్నారో, గడియారం ఎంతైందో పట్టించుకోలేదు. అరగంట అయ్యేసరికి పక్కన ఏడు చొక్కాలున్నాయి.

సూపర్‌వైజరు తన కాగితంతో సరిచూసుకుంది. "ఇందులో ఆరు నా దగ్గరున్నాయి. ఈ ఏడోది మాకు తెలియదు. ఇది మేం బాగుందని పాస్ చేసిన చొక్కా."

"చంక దగ్గర రెండు కుట్లు తప్పాయి. సూది మొద్దుబారింది. ఆ మిషను మీద కుట్టినవన్నీ మళ్ళీ చూసుకోండి."

ఆ పిల్ల చొక్కాని వెలుతురుకి పట్టుకుని చూసింది. చూసి, కుప్పలోంచి ముదురు నీలం చొక్కా ఒకటి లాగింది. "కానీ ఇది వదిలేశారు. కాలరు మీద నీలం దారం బదులు నల్లదారం పడింది."

ఆవిడ ఆ చొక్కాని మొహం దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. ఆ రెండు రంగులూ ఆవిడకి ఒక్కలాగే ఉన్నాయి. పదేళ్ళ కిందట ఉండేవి కావు. లైటు సరిగా లేదందామనుకుంది. అనలేదు.

"నిజమే. నలుపూ నీలమూ నాకిప్పుడు తేడా ఆనట్లేదు," అంది. "పగటి వెలుతురులో ఆనుతుంది. నా బల్ల కిటికీ పక్కన వెయ్యి."

సూపర్‌వైజరుకి నవ్వొచ్చింది. "ఇంకా తీసుకున్నామని చెప్పలేదక్కా."

"మరి చెప్పు."

"మూడు నెలలు చూస్తాం."

"చూడండి. నేనూ చూస్తాను మిమ్మల్ని."

బల్ల ఇద్దరు మోసుకొచ్చి కిటికీ పక్కన వేశారు. ఇంటికి ఫోన్ చేసి వస్తానని ఆవిడ గేటు దాకా వచ్చేసరికి, బయట ఎండలో కొడుకు నిలబడి ఉన్నాడు. ఆఫీసుకి వెళ్ళలేదు. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు. నీ వెనకే బస్సెక్కాను. రెండు గంటల నుంచి ఇక్కడే ఉన్నాను." వాడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎవరు గేటు తీసినా ఉలిక్కిపడ్డాను. వద్దన్నారేమో, కాదన్నారేమో అని. రెండు గంటలకే నావల్ల కాలేదమ్మా. నువ్వు ఐదు నెలలు..."

ఆవిడ "పోనీలే" అనలేదు. "ఐదు నెలలు. రోజూ," అంది.

"నన్ను క్షమించమ్మా."

"క్షమిస్తాను. ఈ రోజు కాదు. ఈ రోజు నాకు పనుంది."

ఆ మాటకి వాడు నవ్వబోయి, నవ్వలేక, దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆవిడ దగ్గరికెళ్ళి, అరచేత్తో వాడి మొహం తుడిచింది. ఆ చెయ్యి కాసేపు వాడి చెంప మీదే ఉండిపోయింది.

"ఏడవకు నాన్నా. నువ్విలా ఏడిస్తే నాకు జాలేసి నీతో ఇంటికొచ్చేస్తాను. నేను రాకూడదు."

వాడు గబగబా కళ్ళు తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి, బరువైన ఆ ఇనుప గేటుని భుజంతో తోసి, తల్లి లోపలికి వెళ్ళేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.