ఖాళీ సీసాలో లేచిన కొండ

"ఏయ్, ఆ శాంపిల్ ముట్టుకున్నావంటే చంపేస్తా!"

నల్లపాడు ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేరిన సిలార్‌తో రీసెర్చ్ స్కాలర్ షమా అన్న మొదటి మాట అది. అతను అక్కడికక్కడే పోయాడు. ప్రేమలో పడిపోయాడని మనవి.

"ముట్టుకుంటే ఏమవుద్దండీ?"

"చెమట అంటుద్ది. ఇది అయాన్ క్రోమటోగ్రఫీ, పక్కది మాస్ స్పెక్ట్రోమీటర్. ఇది విడదీస్తుంది, అది తూస్తుంది."

"మిర్చి యార్డులో తాలుకాయ ఏరి కాటా వేసినట్టా?"

షమా నవ్వేసింది. "అంతే. కాకపోతే ఇక్కడికి పోలార్ సరుకే వస్తుంది. అంటే నీళ్లలో కరిగేది."

"నవ్వుకి కరిగేది సిలార్ సరుకండీ."

"పనిచూడు!"

తుఫానుకి మునిగిన మిరప వేళ్లు ఊపిరాడక లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. అది తక్కువగా ఉన్న రకమే వానకి నిలబడుతుందని షమా నమ్మకం. వాళ్ల నాన్న చేను రెండుసార్లు మునిగింది మరి. ఆ రకం పట్టుకోవాలి. ఫెలోషిప్పేమో మార్చితో సరి.

బయట వాన, లోపల సీసాలు. కడిగి కడిగి షమా వేళ్లు నానిపోయాయి. సిలార్ ప్రాణం విలవిల్లాడింది. రోజూ ఆమెకంటే ముందే వచ్చి, సీసాలన్నీ కడిగిపెట్టేవాడు. గ్లవ్స్ డబ్బా అడుగంటింది, ఆమెకి మిగలాలని ఉత్త చేతులతోనే. ఇంట్లో గ్లాసులు తోమినట్టు, మూతి లోపల వేలు తిప్పి మరీ తుడిచేవాడు.

ఫలితాలొచ్చాయి. తెరమీద లాక్టిక్ ఆమ్లం గీత కొండలా లేచే పీక్, షమా పీకల మీదికి వచ్చింది. మునిగిన మొక్కకీ మునగని మొక్కకీ ఒకటే ఎత్తు కొండ! ఉత్త నీళ్లు పోసిన ఖాళీ సీసా పెట్టి చూసింది. అందులోనూ కొండ. అయాన్ మెషీన్ ముందు అయ్యో అని కూలబడింది.

"సీసాలెవరు కడిగారు?"

"నేనేనండీ. శాంపిల్ ముట్టుకోవద్దన్నారుగా, ఖాళీవేగదా అని..."

"చెమటలోనూ లాక్టిక్ ఆమ్లమే ఉంటుంది సిలార్." ఆమె అరవలేదు. అదే అతన్ని చంపింది.

"మళ్లీ వేళ్లు తెచ్చుకుందామండీ. నేనే తవ్వుకొస్తా."

"చేను పీకేశారు. తెచ్చినవన్నీ ఆ సీసాల్లోనే ఉన్నాయి."

"మీ చేతులు నానిపోతున్నాయని..."

"తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నా."

ఆనాటి నుంచి సిలార్ చేతులకి గ్లవ్స్ ఊడలేదు. టీకొట్టులో గ్లాసు కూడా వాటితోనే పట్టుకుంటే జనం నవ్వారు. అతను నవ్వలేదు.

మార్చి అయింది. హైదరాబాదులో ఏదో మందుల కంపెనీలో ఉద్యోగం చూసుకుంది షమా. నల్లపాడు స్టేషన్లో ఆమె పెట్టె మోసుకొచ్చింది సిలారే, గ్లవ్స్‌తో.

"మీరంటే నాకు..."

"కొండంత ప్రేమ. తెరమీద చూశాగా."

రైలు వచ్చింది. ఎక్కబోయి ఆగిందామె.

"గ్లవ్స్ తియ్యి సిలార్."

"వద్దండీ. నా చెయ్యి మంచిది కాదు."

"తియ్యి. ఇంక పాడవడానికి ఏమీ మిగల్లేదు."

తీశాడు. అరచేతి నిండా చెమట. షమా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది, రైలు కదిలేదాకా.